2811 తీసేసి 2911 పెడుతున్నాం: లీజ్డ్ లైన్లకి ఏ తరం కార్డు కొనాలి?

కొడవలూరు_కేబుల్ (నెల్లూరు), సోమవారం ఉదయం 11:20

అందరికీ నమస్తే. రొయ్యల మేత, కోల్డ్ స్టోరేజీ వ్యాపారం చేసే సంస్థలో నెట్‌వర్క్ చూసుకుంటాను. హెడ్డాఫీసు నెల్లూరు. అక్కడ సిస్కో 2811 రౌటర్ ఉంది. మనిషైతే ఈపాటికి పింఛను తీసుకుంటుండేవాడు. ఈమధ్య కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బూట్ మధ్యలో ఆగిపోతోంది. అందుకని వాడిన 2911 ఒకటి తెప్పించాం.

2811లో లీజ్డ్ లైన్లు (ప్రొవైడర్ దగ్గర అద్దెకి తీసుకున్న, మనకే ప్రత్యేకించిన లైన్లు) తగిలించే కార్డులు మూడు ఉన్నాయి. విక్-2టీ, విక్-1టీ, మొదటి తరం వీవిక్-2ఎంఎఫ్‌టీ-ఈ1. మొదటి రెండింటి మీద మూడు వీ.35 (మోడెంనీ రౌటర్‌నీ కలిపే పాతకాలపు సీరియల్ కనెక్షన్) లైన్లు: ఒంగోలుకి 2 ఎంబీ, కావలికి 128కే, కందుకూరుకి 128కే. ఈ1 (2 ఎంబీ డిజిటల్ లైన్) కార్డు మీద రెండు లైన్లు: ఒకటి ముత్తుకూరు కోల్డ్ స్టోరేజీకి, రెండోది వేరే ప్రొవైడర్‌ది, చెన్నై డేటా సెంటర్‌కి. బ్రాంచీల్లో అన్నీ 1841 రౌటర్లే.

నిన్న ఆఫీసు మూసేశాక ఆ కార్డులు 2911లో పెట్టి చూశాను. షో ఇన్వెంటరీ (లోపల ఏమేం ఉన్నాయో చూపే కమాండ్) కొడితే చాసిస్ (రౌటర్ పెట్టె) తప్ప ఒక్క కార్డూ కనపడలా. అన్నీ తీసి మళ్ళీ 2811లో పెడితే మామూలుగా లేచాయి. కాబట్టి కార్డులు బాగానే ఉన్నట్టు.

ఇప్పుడు హెచ్‌విక్ కొనాలా, వీవిక్2 కొనాలా, వీవిక్3 కొనాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. ధరలో చాలా తేడా ఉంది. కొన్నాక మళ్ళీ ఇదే కథ కాకూడదు.


పొగతోట_పింగ్ (నెల్లూరు), సోమవారం మధ్యాహ్నం 12:05

ముందు ఒక్క సంగతి చెప్పండి. ఒంగోలు లైన్ మోడెం వెనక జీ.703 (ఈ1) పోర్టు కూడా ఉందా, వీ.35 ఒక్కటేనా? చాలా మోడెంలకి రెండూ ఉంటాయి, ప్రొవైడర్ ఒకటే ఆన్ చేసి పెడతాడు. అది జీ.703 మీదకి మారితే మీ లెక్కంతా మారిపోతుంది.


సీరియల్_సున్నా (ఒంగోలు), సోమవారం మధ్యాహ్నం 2:40

అబ్బయ్యా, కార్డుల్లో లోపం లేదు. 2900 సిరీస్‌కి ఆ తరం కార్డులు వద్దు, అంతే. విక్-1టీ, విక్-2టీ, మొదటి తరం వీవిక్ మూడూ దాని లిస్టులో లేవు. స్లాట్‌లో భౌతికంగా దూరతాయి, అదే మనవాళ్ళని మోసం చేసేది. దూరింది గదా పనిచేస్తుందిలే అనుకుంటాం.

తరాల సంగతి ఒకసారి చెబుతాను, తర్వాత నీకే తెలుస్తుంది. 2600, 1700 రౌటర్ల కాలం నాటి లైన్ కార్డు విక్. 2004లో 1800, 2800, 3800 వచ్చినప్పుడు స్లాటుని హెచ్‌విక్ చేశారు. ఆ స్లాటు పాత విక్‌ని కూడా తీసుకునేది, అందుకే నీ 2811లో ఇన్నాళ్ళు నడిచాయి. 2009లో 1900, 2900, 3900 వచ్చాయి, స్లాటు పేరు ఈహెచ్‌విక్ అయింది. హెచ్‌విక్ స్లాటుకి ఒక్కోవైపు 400 ఎంబీపీఎస్ అయితే ఈహెచ్‌విక్‌కి 800. మన 2 ఎంబీ లైనుకి ఆ అంకెతో పనేం లేదు, గొప్పగా చెబితే పట్టించుకోవద్దు. పనికొచ్చేది ఏందంటే, ఈహెచ్‌విక్ స్లాటు హెచ్‌విక్ కార్డుల్ని బాగానే తీసుకుంటుంది.

అంటే వీ.35 వైపు నీకు వెతుక్కునే పనే లేదు. హెచ్‌విక్-1టీ, హెచ్‌విక్-2టీ, హెచ్‌విక్-4టీ. ఈ మూడే. పోర్టుకి 8 ఎంబీపీఎస్ వరకూ పోతుంది. నీకు మూడు లైన్లు కాబట్టి హెచ్‌విక్-2టీ రెండు తీసుకో. 4టీ ఒక్కటి తీసుకున్నా సరిపోతుంది గానీ, ఆ కార్డు పోయిన రోజు ఒంగోలు, కావలి, కందుకూరు మూడూ ఒకేసారి పోతాయి. రెండు కార్డులుంటే ఒక పోర్టు మిగులు కూడా ఉంటుంది.

కేబుల్ సంగతి మర్చిపోవద్దు. నీ విక్-1టీకి ఉన్నది వెడల్పాటి డీబీ-60 కనెక్టర్. హెచ్‌విక్‌కి 26 పిన్నుల స్మార్ట్ సీరియల్ కావాలి. విక్-2టీకి ఇప్పటికే స్మార్ట్ సీరియలే ఉంటుంది కాబట్టి ఆ రెండు కేబుళ్ళు అట్టనే వాడుకోవచ్చు. మూడోదానికి క్యాబ్-ఎస్‌ఎస్-వీ35ఎంటీ ఒకటి కొను. కార్డు వచ్చి కేబుల్ రాక వారం పాటు లైన్ ఆగిపోయిన ఆఫీసుల్ని ఒంగోల్లోనే చూశాను.

కేబుల్ పెట్టేటప్పుడు టార్చి వేసి చూసి పెట్టు. స్మార్ట్ సీరియల్ తలకిందులుగా పెట్టి నొక్కితే లోపల పిన్నులు వంగుతాయి. వంగిన పిన్నుని సూదితో లేపడం చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది.

ఇంకోటి. 2811లో గానీ 2911లో గానీ పవర్ ఆపకుండా కార్డు పెట్టడం, తీయడం కుదరదు. ఎవరన్నా చేశామని చెబితే వాళ్ళ అదృష్టం బాగుందని అర్థం.

ఈ1 సంగతి వేరే. రాత్రికి రాస్తాను.


కావలి_కుర్రోడు (కావలి), సోమవారం సాయంత్రం 4:15

ఇంకా లీజ్డ్ లైనా అన్నా? వీ.35 అంటే మా కాలేజీ ల్యాబ్‌లో బీరువాలో చూడడమే. ఫైబర్ మీద ఈథర్నెట్ తీసుకోండి. 2911కి మూడు గిగాబిట్ పోర్టులు ఉన్నాయి గదా, కార్డే అక్కర్లేదు. ఈ డబ్బుతో కొత్త రౌటరే వస్తుంది.


కొడవలూరు_కేబుల్ (నెల్లూరు), సోమవారం సాయంత్రం 5:02

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే. కానీ లైన్ల ఒప్పందం మార్చి వరకూ ఉంది, అద్దె ముందే కట్టేశారు. మార్చి తర్వాత ఒంగోలు, చెన్నై ఈథర్నెట్‌కి మారతాయి. ముత్తుకూరు వైపు ఫైబర్ ఎప్పుడొస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పట్లేదు. హైవే పక్కన జేసీబీ దిగిన ప్రతిసారీ ఉన్న ఫైబరే తెగుతోంది. కావలి, కందుకూరుల్లో నడిచేది బిల్లింగ్ ఒక్కటే, 128కే చాలు.

కాబట్టి నాకు కావాల్సింది మార్చి దాకా నిలబడేవి, ముత్తుకూరుకి మాత్రం ఇంకొన్నాళ్ళు నడిచేవి.

పొగతోట గారూ, ఒంగోలు మోడెంకి వీ.35 ఒక్కటే ఉందండి. ఇప్పుడే వెనక చూశాను.


ముత్తుకూరు_మోడెం (ముత్తుకూరు), సోమవారం రాత్రి 8:30

మాది పోర్టు దగ్గరే, గోడౌన్లు. కావలి తమ్ముడు చెప్పినట్టు కార్డు లేకుండా నడిపే దారి ఇంకోటి ఉంది, ఈ1 నుంచి ఈథర్నెట్‌కి మార్చే కన్వర్టర్ పెట్టె. రెండు చివర్లా ఒక్కోటి పెట్టి, రౌటర్ మామూలు ఈథర్నెట్ పోర్టులో గుచ్చేయడమే. మేం అట్టా కొన్నాళ్ళు నడిపాం. కార్డుల తరాల గొడవ నిజంగానే పోతుంది. కానీ అది తెచ్చే గొడవలు వినండి.

మొదటిది, లైన్ పడిపోయినా రౌటర్‌కి తెలియదు. పెట్టెకీ రౌటర్‌కీ మధ్య ఈథర్నెట్ లింకు పచ్చగానే వెలుగుతుంటుంది. స్టాటిక్ రూట్లు (చేత్తో రాసి పెట్టిన దారులు) ఉన్న చోట ట్రాఫిక్ మొత్తం గుంటలోకి పోతుంది, బ్యాకప్ లైన్ లేవదు. సీరియల్ అయితే 10 సెకన్లకోసారి కీప్‌అలైవ్ (బతికే ఉన్నానని చెప్పే చిన్న సందేశం) పోతుంది, మూడు రాకపోతే ప్రోటోకాల్ డౌన్ చూపిస్తుంది. కొన్ని పెట్టెల్లో లైన్ పోతే ఈథర్నెట్‌ని కూడా దించే స్విచ్ ఉంటుంది, కొనేటప్పుడు అది అడిగి తీసుకోవాలి.

రెండోది, రౌటర్ 100 ఎంబీపీఎస్ అనుకుని తోసేస్తుంది, పెట్టె అవతల 2 ఎంబీ. షేపింగ్ (పంపే వేగానికి పరిమితి) పెట్టకపోతే పెట్టెలో బఫర్ నిండి ప్యాకెట్లు పోతాయి, అదీ ఎక్కడ పోతున్నాయో కనపడకుండా. మూడోది, రెండు చివర్లా ఒకే కంపెనీ ఒకే మోడల్ లేకపోతే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒకటి కాలిపోతే రెండోది కూడా మార్చాల్సి వచ్చింది.

చివరికి మళ్ళీ కార్డుకే వచ్చాం. షో కంట్రోలర్స్ ఈ1 కొడితే గడిచిన 24 గంటల తప్పుల లెక్క 15 నిమిషాల ముక్కలుగా కళ్ళముందు ఉంటుంది. ప్రొవైడర్‌తో వాదించాలంటే అదే మన ఆయుధం.

ముత్తుకూరు సైట్‌కి ఒక ముచ్చట: ఇక్కడ ఉప్పుగాలి. ఏసీ లేని గదిలో కనెక్టర్ పిన్నులకి ఏడాదిలోనే చిలుము పడుతుంది. ఖాళీ స్లాట్లకి మూత రేకు తప్పకుండా బిగించండి, చాలామంది పారేస్తారు. అక్టోబరు, నవంబరు వానల్లో పిడుగు రాగి జత మీద వస్తే ముందు మోడెం పోతుంది, వెనకే కార్డు. రౌటర్, మోడెం ఒకే ఎర్తింగ్ మీద ఉండేట్టు చూసుకోండి.


సీరియల్_సున్నా (ఒంగోలు), సోమవారం రాత్రి 10:10

ఈ1 కార్డులు, అంటే వీవిక్‌లు. మొదటి తరం వీవిక్‌లో టీ1 (అమెరికా రకం లైన్)కి ఒక కార్డు, ఈ1కి ఒక కార్డు వేర్వేరుగా ఉండేవి. వీవిక్2 నుంచి రెండూ ఒకే కార్డులో వచ్చాయి, మనం కార్డ్ టైప్ ఈ1 అని చెప్పాలి. ఒకసారి చెప్పాక మార్చాలంటే రీలోడ్ చేయాల్సిందే, ముందే సరిగా కొట్టు. ఆ కమాండ్ కొట్టేదాకా కంట్రోలరే కనపడదు, కొత్తవాళ్ళు కార్డు చచ్చిందనుకుని వాపసు పంపేస్తుంటారు.

వీవిక్2 2811లోనూ నడుస్తుంది, 2911లోనూ నడుస్తుంది. వీవిక్3 తయారుచేసిందే 2900, 3900 తరానికి. దాంట్లో నాలుగు పోర్టుల కార్డు కూడా ఉంది. నీకు రెండు పోర్టులే కావాలి, మార్చి తర్వాత ఒక్కటే. నీ స్థానంలో నేనైతే వీవిక్2-2ఎంఎఫ్‌టీ తీసుకుంటా. 2911 చచ్చినా ఆ కార్డు పాత 2811లో పెట్టి ఓ పూట గడుపుకోవచ్చు. వీవిక్3తో ఆ వెసులుబాటు లేదు.


చీమకుర్తి_గ్రానైట్ (చీమకుర్తి), మంగళవారం ఉదయం 9:25

వాడిన కార్డులు కొనేవాళ్ళకి నాలుగు మాటలు. మా క్వారీ ఆఫీసులకి ఏడాదికి కొన్ని కొంటూనే ఉంటాం, రాయిదుమ్ముకి ఫ్యాన్లు, కార్డులు ఎక్కువ కాలం ఆగవు.

పేరు చివర డీఎస్‌యూ-టీ1 అని ఉంటే ముట్టుకోవద్దు. విక్-1డీఎస్‌యూ-టీ1, దాని వీ2, హెచ్‌విక్-1డీఎస్‌యూ-టీ1, ఈ మూడూ అమెరికా టీ1 లైన్‌కి. అక్కడ లైనుకి 24 టైమ్‌స్లాట్లు (64కే ముక్కలు), 1.544 ఎంబీపీఎస్. మన దగ్గర ఈ1, 32 స్లాట్లు, 2.048. ఆన్‌లైన్‌లో ఇవి కారుచౌకగా దొరుకుతాయి, సాకెట్ చూస్తే ఈ1 సాకెట్ లాగే ఉంటుంది. చౌకగా ఎందుకొచ్చిందో కొన్నాక తెలుస్తుంది. వీ1 కన్నా వీ2 మంచిదా అని అడుగుతుంటారు. అక్కడివాళ్ళకి మంచిదే, మనకి రెండూ పేపర్‌వెయిట్లే. అట్టనే వీవిక్-1ఎంఎఫ్‌టీ-టీ1 కూడా.

విక్-2ఏ/ఎస్ అని ఇంకోటి ఉంది. కనెక్టర్ విక్-2టీ లాంటిదే. కానీ 128కే దాటదు. దాన్ని 2టీ అని అంటగట్టే వాళ్ళున్నారు.

కార్డు వచ్చాక షో ఇన్వెంటరీ కొట్టి అందులో పడే సీరియల్ నంబరు, కార్డు మీద స్టిక్కర్ నంబరు ఒకటేనా చూడండి. వేరుగా ఉంటే స్టిక్కర్ మార్చిందని. చెన్నై నుంచి ఒక అంగడివాడు మాకు అట్టాంటివే పంపాడు, వాపసు తీసుకోవడానికి నెలలు తిప్పాడు. ఆడుతూ కనపడితే గాని డబ్బు కట్టొద్దు.


కొడవలూరు_కేబుల్ (నెల్లూరు), మంగళవారం మధ్యాహ్నం 1:15

అన్నలూ, చాలా సంగతులు తెలిశాయి. ముత్తుకూరు అన్న చెప్పాక షో కంట్రోలర్స్ ఈ1 కొట్టి చూశాను. ఎప్పటినుంచో ముత్తుకూరు వాళ్ళ గోల ఏందంటే, స్టాక్ ఎంట్రీ స్క్రీన్ అప్పుడప్పుడు ఆగి ఆగి వస్తుందని. పింగ్ కొడితే వందకి ఒకటి రెండు పోతాయి. ప్రొవైడర్‌కి ఫిర్యాదు చేస్తే వాళ్ళు లూప్ పెట్టి చూసి లైన్ క్లీన్ అంటారు.

ఇప్పుడు చూస్తే ముత్తుకూరు పోర్టులో ఒక్కో 15 నిమిషాల ముక్కకి 36 దగ్గరగా స్లిప్ సెకన్లు (ఫ్రేమ్ జారిన సెకన్లు) పడుతున్నాయి. లైన్ కోడ్ వయొలేషన్లు (తీగ మీద సిగ్నల్ తప్పులు) సున్నా. చెన్నై పోర్టులో అన్నీ సున్నాలే. రెండు పోర్టులకీ క్లాక్ సోర్స్ లైన్ (గడియారం లైన్ నుంచే తీసుకో) అనే ఉంది. ఇది కార్డు లోపమా, లైన్ లోపమా?


సీరియల్_సున్నా (ఒంగోలు), మంగళవారం మధ్యాహ్నం 3:50

ఇదీ అసలు విషయం. ఇది ముందే చెప్పుంటే నిన్న రాత్రి అంత రాసేవాణ్ణి కాదు.

వయొలేషన్లు సున్నా అంటే మోడెంకీ రౌటర్‌కీ మధ్య తీగ బాగుంది. స్లిప్పులు మాత్రమే పడుతున్నాయంటే అది క్లాక్ గొడవ. మొదటి తరం వీవిక్‌కి రెండు పోర్టులున్నా లోపల గడియారం ఒక్కటే. నువ్వు రెండింటికీ లైన్ అని రాసినా, కార్డు ఒక లైన్ గడియారాన్నే పట్టుకుని రెండు పోర్టుల్నీ నడుపుతుంది. నీ కార్డు చెన్నై లైన్‌ని పట్టుకుంది. ముత్తుకూరు నుంచి బిట్లు ముత్తుకూరు వేగంతో వస్తాయి, కార్డు వాటిని చెన్నై వేగంతో చదువుతుంది. తొట్టిలోకి వచ్చే నీళ్ళూ పోయే నీళ్ళూ కొంచెం తేడాగా ఉంటే ఏదో ఒక సమయానికి అది పొంగాలి లేదా ఎండాలి. అప్పుడు కార్డు ఒక ఫ్రేమ్‌ని వదిలేస్తుంది, లేదా ఉన్నదాన్నే రెండోసారి చదువుతుంది. ఆ ఫ్రేమ్‌లో 32 బైట్లు. ఆ 32 బైట్లు ఏ ప్యాకెట్‌లో ఉన్నాయో అది సీఆర్‌సీ (తప్పుల తనిఖీ) తప్పి పోతుంది. నీ స్టాక్ స్క్రీన్ ఆగేది అందుకే.

లెక్క చూడు. 900 సెకన్లలో 36 అంటే 25 సెకన్లకి ఒకటి. ఈ1లో సెకనుకి 8000 ఫ్రేములు. అంటే 2 లక్షల ఫ్రేములకి ఒకటి జారుతోంది. పది లక్షలకి 5 భాగాల తేడా, మనవాళ్ళు 5 పీపీఎం అంటారు. ఇది చాలా ఎక్కువ. రెండు ప్రొవైడర్లూ తమ నెట్‌వర్క్‌ని ప్రమాణం ప్రకారం ప్రైమరీ గడియారానికి కట్టేసి ఉంటే, జీ.811 లెక్కన రెండింటి మధ్య స్లిప్ 72 రోజులకి ఒకటి పడొచ్చు, అంతకన్నా ఎక్కువ పడకూడదు. నీకు 25 సెకన్లకి పడుతోందంటే ఈ రెండింట్లో ఒక లైన్ ఏ నెట్‌వర్క్ గడియారాన్నీ చూడకుండా, ఏదో మోడెంలోని క్రిస్టల్ మీద సొంతంగా తిరుగుతోంది. నా అనుమానం ముత్తుకూరు మీదే. ఊరి చివర రెండు మోడెంలు ఎదురెదురు పెట్టి, ఒకదాన్ని ఇంటర్నల్ క్లాక్ మీద వదిలేసి ఉంటారు. ప్రొవైడర్ లూప్ పెట్టి చూస్తే అది కనపడదు, ఎందుకంటే లూప్‌లో పోయేదీ వచ్చేదీ ఒకే గడియారం.

వీవిక్2కి వచ్చేసరికి డేటాకి ఒక్కో పోర్టు తన లైన్ గడియారాన్ని తను పట్టుకుంటుంది. చెన్నై చెన్నైదే, ముత్తుకూరు ముత్తుకూరుదే. స్లిప్పుల సంగతి అక్కడితో అయిపోతుంది. ఇద్దరు ప్రొవైడర్ల ఈ1లు ఒకే కార్డు మీద పెట్టేవాళ్ళకి మొదటి తరానికీ రెండో తరానికీ ఉన్న తేడా ఇదొక్కటే లెక్కలోకొస్తుంది, మిగతావన్నీ కరపత్రంలో రాసుకోవడానికి.


పొగతోట_పింగ్ (నెల్లూరు), మంగళవారం సాయంత్రం 6:20

నేను ఒప్పుకోను సార్. లెక్క బాగుంది, మందు సగమే. కార్డు మార్చితే గుర్తు పోతుంది, రోగం ఉంటుంది. ముత్తుకూరు మోడెం క్రిస్టల్ ఎండకి ఇంకా జరిగితే? ఆ లైన్ మీద రేపు ఫోన్ లైన్లు కూడా నడపాలంటే?

కార్డు కొనకుండా ఈ రాత్రే చేసి చూడగలిగింది ఒకటుంది. ముత్తుకూరు పోర్టుకి నెల్లూరు వైపు క్లాక్ సోర్స్ ఇంటర్నల్ అని రాయండి. అప్పుడు కార్డు చెన్నై నుంచి పట్టుకున్న గడియారాన్నే ముత్తుకూరు వైపు తోస్తుంది. నెల్లూరు మోడెంని మాత్రం ఇంటర్నల్ నుంచి, రౌటర్ ఇచ్చే గడియారం మీదకి మార్చాలి. అవతల ముత్తుకూరు 1841 లైన్ అనే ఉంచేయండి. మొత్తం ఒకే గడియారం మీదకి వస్తుంది, పాత కార్డుతోనే.

మా దగ్గర రెండు భవనాల మధ్య లైన్‌ని ఇట్టాగే నడిపాం.


సీరియల్_సున్నా (ఒంగోలు), మంగళవారం సాయంత్రం 7:05

ఇది సరైన మాటే, కాదనను. కానీ ఆ మోడెం ప్రొవైడర్‌ది, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర. వాళ్ళు మార్చడానికి మనిషిని పంపేసరికి మార్చి వస్తుంది. పైగా అతను ఎట్టాగూ 2911కి పోతున్నాడు, అక్కడ మొదటి తరం కార్డు నడవదు. కొనక తప్పనప్పుడు వీవిక్2 కొనడమే దారి. మోడెం మార్పు కూడా అడగమనండి, నష్టం లేదు.


కొడవలూరు_కేబుల్ (నెల్లూరు), బుధవారం ఉదయం 10:30

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో తలనొప్పి వచ్చింది. మేనేజరు గారు ఒక డీలరుని పిలిపించారు. ఆయన లెక్క ఇట్టా ఉంది: 2911 పనికిరాదు, 4331 (తర్వాతి తరం రౌటర్) కొనండి, దాంట్లో నిమ్ (ఆ తరం) కార్డులు వేయండి. లేదు 2911తోనే ఉంటామంటే వీవిక్3తో పాటు పీవీడీఎం3 కూడా కావాలి, యూసీ లైసెన్సు కావాలి, అవి లేకుండా ఈ1 లేవదు అన్నాడు. నిజమా?


పొగతోట_పింగ్ (నెల్లూరు), బుధవారం ఉదయం 11:10

పీవీడీఎం, యూసీ లైసెన్సు రెండూ వాయిస్‌కి. ఈ1 మీద పీఆర్‌ఐ (ఫోన్ లైన్ల కట్ట) తీసుకుని ఫోన్లు నడిపేవాళ్ళకి కావాలి. కంట్రోలర్ ఈ1 కింద ఛానల్ గ్రూప్ కొట్టి డేటా నడపడానికి ఐపీ బేస్ (మామూలు లైసెన్సు) చాలు, డీఎస్‌పీ (వాయిస్ కోసం వాడే) చిప్పు ఒక్కటీ అక్కర్లేదు. ఆ డీలరుకి మీరు డేటా అని చెప్పారో లేదో, వినుంటే ఇట్టా అనడు.

4331 మంచి రౌటరే, కాదనను. కానీ దాంట్లో నిమ్ స్లాట్లు రెండే. హెచ్‌విక్, వీవిక్2, వీవిక్3 ఏవీ దాంట్లో దూరవు, ఆకారమే వేరు. నిమ్-4టీ ఒకటి, నిమ్-2ఎంఎఫ్‌టీ ఒకటి పెడితే రెండు స్లాట్లూ నిండిపోయాయి. మార్చి తర్వాత ఈథర్నెట్ వచ్చాక ఆ రెండు కార్డుల్లో ఒకటిన్నర మూల పడతాయి. రౌటర్ మార్చాల్సింది నిజమే. 2800కి కంపెనీ మద్దతు 2016లోనే అయిపోయింది, 2900కి 2022 చివరికి అయిపోయింది. సెక్యూరిటీ ప్యాచులు రావు. కానీ ఈ లైన్లు ఇంటర్నెట్‌కి తెరిచినవి కావు గదా? లోపలి లైన్లే అయితే ఆ డబ్బుని మార్చిలో ఈథర్నెట్‌తో పాటు కొత్త రౌటర్‌కి దాచమని మేనేజరు గారికి చెప్పండి. అప్పుడు ముత్తుకూరుకి ఒక్క నిమ్ కార్డు చాలు కాబట్టి ఖర్చు తగ్గుతుంది.


కావలి_కుర్రోడు (కావలి), బుధవారం మధ్యాహ్నం 12:45

ఒక డౌటన్నా. కావలి, కందుకూరు 128కేలు రెండూ నెల్లూరులో వేర్వేరు వీ.35 మోడెంలుగా ఎందుకు దిగాలి? నెల్లూరు వైపు ఒకే ఈ1 తీసుకుని అందులో రెండేసి టైమ్‌స్లాట్లు ఒక్కో ఊరికి ఇవ్వమనొచ్చు గదా? అప్పుడు హెచ్‌విక్‌లు కూడా తగ్గుతాయి.


సీరియల్_సున్నా (ఒంగోలు), బుధవారం మధ్యాహ్నం 1:30

శభాష్ అబ్బయ్యా, ఇది బ్యాంకులు జిల్లా కేంద్రంలో చేసే పద్ధతే. ఎంఎల్‌ఎల్‌ఎన్ (బీఎస్‌ఎన్‌ఎల్ లీజ్డ్ లైన్ నెట్‌వర్క్) లైన్లు 64కే లెక్కన ముక్కలు కదా, రెండు స్లాట్లు అంటే 128కే. హెడ్డాఫీసులో ఒక ఈ1, దాంట్లో ఊరికో ఛానల్ గ్రూపు.

ఇక్కడే కార్డు పేరు చూసుకోవాలి. వీవిక్2 అట్టా ముక్కలు ముక్కలుగా కోయడానికి కాదు, ఒకటి రెండు గ్రూపులతో ఆగిపోతుంది. ఎక్కువ ఊళ్ళకి పంచాలంటే హెచ్‌విక్-1సీఈ1టీ1-పీఆర్‌ఐ కావాలి, దాంట్లో ఈ1కి 31 గ్రూపుల దాకా పోతుంది. పది పన్నెండు బ్రాంచీలున్న వాళ్ళకి అది బంగారం. వీళ్ళకి రెండు ఊళ్ళ కోసం, అదీ కొన్ని నెలలకి, ప్రొవైడర్ దగ్గర కొత్త ఈ1కి దరఖాస్తు పెట్టి తిరగడం దండగ. ఉన్న వీ.35నే నడుపుకోనీ.

ఇంకోటి, బ్రాంచి వైపు 1841ల్లో విక్-1టీ ఉంటే వాటి జోలికి పోవద్దు. విక్-1టీ 2.048 ఎంబీపీఎస్ వరకూ మోస్తుంది. 128కే లైనుకి 8 ఎంబీ కార్డు మార్చమనేవాడు కమిషన్ కోసం చెప్పేవాడే. రెండు చివర్లా ఒకే తరం ఉండాలన్న రూలేం లేదు, లైన్‌కి కార్డు వయసుతో పనిలేదు.


కొడవలూరు_కేబుల్ (నెల్లూరు), తర్వాతి సోమవారం రాత్రి 9:40

పని అయింది. హెచ్‌విక్-2టీ రెండు, వీవిక్2-2ఎంఎఫ్‌టీ ఒకటి, స్మార్ట్ సీరియల్ కేబుల్ ఒకటి తీసుకున్నాం. చీమకుర్తి అన్న చెప్పినట్టు అంగట్లోనే రౌటర్‌లో పెట్టి షో ఇన్వెంటరీ చూశాకే డబ్బిచ్చాను.

వీ.35 మూడూ పెట్టగానే లేచాయి. షో కంట్రోలర్స్ సీరియల్‌లో డీటీఈ వీ.35, క్లాక్ వస్తున్నట్టు చూపించింది. ఈ1 వైపు చెన్నై లేచింది, ముత్తుకూరు లేవలా. లాస్ ఆఫ్ సిగ్నల్ అని ఎర్రగా ఉంది. కార్డు పోయిందేమో అనుకున్నా. తీరా చూస్తే మా టెక్నీషియన్ కొత్తగా ఉందని ఈథర్నెట్ క్రాస్ కేబుల్ గుచ్చాడు. ఈ1కి పనిచేసే తీగలు 1, 2 ఒక జత, 4, 5 ఇంకో జత. ఈథర్నెట్ క్రాస్‌లో 1, 2 తీగలు పోయి 3, 6తో కలుస్తాయి. మామూలు స్ట్రెయిట్ ప్యాచ్ కార్డ్ పెట్టగానే పచ్చలైటు వచ్చింది. తర్వాత సీఆర్‌సీ4 (ఈ1 ఫ్రేముల్లో తప్పుల తనిఖీ) గొడవ. కార్డు దానంతట అది సీఆర్‌సీ4 పెట్టుకుంది, ముత్తుకూరు లైన్ నో-సీఆర్‌సీ4. ఫ్రేమింగ్ మార్చాక నిలబడింది.

స్లిప్ సెకన్లు: నిన్న రాత్రి నుంచి ప్రతి ముక్కలో సున్నా. ముత్తుకూరు నుంచి స్టాక్ ఎంట్రీ చూసే అమ్మాయి ఫోన్ చేసి, ఏం చేశారు సార్ ఇవాళ స్క్రీన్ పరిగెత్తుతోంది అంది.

మోడెం క్లాక్ మార్చమని ప్రొవైడర్‌కి ఫిర్యాదు కూడా రాశాను పొగతోట గారూ. టికెట్ నంబరు వచ్చింది, మనిషి రాలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఒంగోలు లైన్ 2 ఎంబీ గదా, షో ఇంటర్‌ఫేస్‌లో బ్యాండ్‌విడ్త్ 1544 అని పడుతోంది. మేనేజరు గారు అది చూసి ప్రొవైడర్ తక్కువ ఇస్తున్నాడని లెటర్ రాయమంటున్నారు.


సీరియల్_సున్నా (ఒంగోలు), సోమవారం రాత్రి 10:05

లెటర్ ఆపించు! అది ప్రొవైడర్ ఇచ్చే వేగం కాదు, సీరియల్ పోర్టుకి ఐఓఎస్ (సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్) పెట్టుకునే డిఫాల్ట్ అంకె. టీ1 దేశంలో పుట్టింది కదా. లైన్ వేగం మోడెం ఇచ్చే క్లాక్‌ని బట్టి ఉంటుంది. ఇంటర్‌ఫేస్ కింద బ్యాండ్‌విడ్త్ 2048 అని రాసేయి, కావలి, కందుకూరు వాటికి 128 అని రాయి. ఓఎస్‌పీఎఫ్ (దారి ఎంచే ప్రోటోకాల్) నడిపితే అది కాస్ట్ లెక్కకి ఈ అంకెనే చూస్తుంది. రాయకపోతే 128కే లైన్లు, 2 ఎంబీ లైన్ దానికి ఒకటిగానే కనపడతాయి, బ్యాకప్ దారి తప్పుతుంది.


కావలి_కుర్రోడు (కావలి), సోమవారం రాత్రి 10:20

అన్నా, తీసేసిన విక్-2టీ, ఆ డీబీ-60 కేబుల్ అమ్ముతావా? మా దగ్గర 1841 ఒకటి ఖాళీగా ఉంది, సీసీఎన్‌ఏ (సిస్కో పరీక్ష) ల్యాబ్‌కి.


కొడవలూరు_కేబుల్ (నెల్లూరు), సోమవారం రాత్రి 10:32

డీబీ-60 కేబుల్ విక్-2టీకి పట్టదు తమ్ముడూ, పైన సున్నా అన్న చెప్పింది చదువు. విక్-1టీ కూడా తీసుకో, రెండూ ఊరికే ఇస్తా. గురువారం కావలి బ్రాంచికి వస్తున్నా, ఆఫీసు దగ్గరికొచ్చి పట్టుకెళ్ళు.